పుట్టగొడుగుల వల్ల ఆరోగ్యం, ఆధ్యాత్మిక ప్రయోజనం: ఏది నిజం, ఏది వ్యాపారం?

ప్రశ్న: జలదంకి అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా జలదంకి మండలం. మా అమ్మకు చాలా ఏళ్లుగా మధుమేహం, రక్తపోటు ఉన్నాయి. మెట్‌ఫార్మిన్ బిళ్లలు వాడుతోంది. పూర్తిగా శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నాన్నగారికి స్టెంట్ వేశారు కనుక రక్తం పలచన చేసే మందులు నడుస్తున్నాయి. ఈ మధ్య మాకు వరసకు బావ అయ్యే ఒకాయన ఇంటికి వచ్చి గానోడెర్మా అనే పుట్టగొడుగు పొడి డబ్బాలు ఇచ్చి, దీనిని రోజూ వేడినీళ్లలో కలుపుకొని తాగితే చక్కెర అదుపులోకి వస్తుందనీ, కొన్నాళ్లకు బిళ్లలే అవసరం ఉండదనీ, అంతకుమించి ధ్యానంలో మనసు నిలుస్తుందనీ, ఇది ఋషులు వాడిన దివ్యౌషధమనీ చెప్పారు. నెలకు కొన్ని వేల రూపాయల ఖర్చు.

ఇదే సమయంలో మా నాయనమ్మ పుట్టగొడుగు పేరెత్తితేనే ఒప్పుకోదు. అది తామసాహారమనీ, కార్తీక మాసంలో ఇంట్లోకి రాకూడదనీ ఆమె మాట. బెంగుళూరులో చదువుకుంటున్న మా తమ్ముడేమో విదేశాల్లో కొన్ని రకాల పుట్టగొడుగులతో జ్ఞానోదయం వంటి అనుభవం కలుగుతుందని పరిశోధనలే ఉన్నాయంటాడు. ఒకే వస్తువు గురించి ఇంట్లో మూడు మాటలు నడుస్తున్నాయి. పుట్టగొడుగు నిజంగా మేలు చేస్తుందా, చేస్తే ఎంత మేలు, ఆధ్యాత్మికంగా దానికి ఏమైనా స్థానం ఉందా అన్నది తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: ఒంగోలు విశ్రాంత అధ్యాపకుడు

అమ్మా, నేను కళాశాలలో జీవశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని, వైద్యుణ్ణి కాను. అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఏ పొడి తాగినా, తాగకపోయినా, మీ అమ్మగారి మధుమేహ బిళ్లలను గానీ నాన్నగారి మందులను గానీ వైద్యుని అనుమతి లేకుండా ఒక్క పూట కూడా ఆపకండి. స్టెంట్ వేసినవారు ఆ మందులు ఆపితే స్టెంట్ లోపల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. పైగా గానోడెర్మాకు కూడా రక్తం గడ్డకట్టే గుణాన్ని కొంత తగ్గించే స్వభావం ఉన్నదని భావిస్తారు కనుక, ఆ రెండూ కలిస్తే రక్తస్రావం ఎక్కువయ్యే అవకాశాన్ని వైద్యులు లెక్కలోకి తీసుకుంటారు. ఆ పొడి వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు కూడా కొన్ని వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అందువల్ల నాన్నగారికి ఆ పొడిని ఇవ్వకుండా, డబ్బాను ఆయన గుండె వైద్యునికి చూపించడం మంచిది.

ఇక కూరగా వండుకొనే పుట్టగొడుగు సంగతి వేరు. అది మంచి ఆహారమే, అందులో సందేహం లేదు. మార్కెట్లో దొరికే తెల్లని బటన్ పుట్టగొడుగులో 90 శాతానికి పైగా నీరే ఉంటుంది. 100 గ్రాములకు శక్తి సుమారు 22 కిలో కేలరీలు, పిండిపదార్థం మూడు గ్రాములకు కాస్త పైన, మాంసకృత్తులు మూడు గ్రాములు, కొవ్వు నామమాత్రం. మధుమేహం ఉన్నవారు అన్నం కొంత తగ్గించి ఆ ఖాళీని ఇలాంటి కూరతో నింపుకుంటే తిన్న తృప్తి ఉంటుంది, రక్తంలో చక్కెర ఒక్కసారిగా పైకి లేవదు. చక్కెర అదుపు విషయంలో పుట్టగొడుగు చేసే ఉపకారం ప్రధానంగా ఇదే, దానికి మించిన మహిమను నేను నమ్మను. రైబోఫ్లేవిన్, నియాసిన్, పాంటోథెనిక్ ఆమ్లం వంటి బి విటమిన్లు, సెలీనియం, పొటాషియం తగినంత ఉంటాయి. ఎర్గోథయోనీన్ అనే పదార్థం ఆహారవస్తువులన్నిటిలోకీ పుట్టగొడుగుల్లోనే ఎక్కువగా దొరుకుతుంది. ఆ పదార్థాన్ని కణాల్లోకి చేర్చుకోవడానికి మన శరీరంలో ప్రత్యేకమైన రవాణా వ్యవస్థ ఉన్నదన్నది ఆసక్తికరమైన విషయమే గానీ, దానివల్ల ఏ జబ్బు ఎంత తగ్గుతుందన్నది ఇంకా తేలలేదు.

మాంసకృత్తుల విషయంలో ప్రకటనలు చేసే గారడీ ఒకటి గమనించండి. పుట్టగొడుగులో 20 నుంచి 30 శాతం మాంసకృత్తులు ఉన్నాయని రాస్తారు. అది అబద్ధం కాదు, కానీ అది పూర్తిగా ఎండబెట్టిన తర్వాత తూచిన లెక్క. మనం వండుకొనేది పచ్చిది కనుక పెద్ద గిన్నెడు కూర తిన్నా ఒక గుడ్డులో ఉండే ఆరు గ్రాముల మాంసకృత్తుల దగ్గరకే చేరుతాం. శాకాహారులు దీనిని నమ్ముకొని కందిపప్పు, పెసరపప్పు, పెరుగు తగ్గించుకోవడం తెలివైన పని కాదు.

మీ అమ్మగారి విషయంలో నాకు ఇంకొక ఆందోళన ఉంది. పుట్టగొడుగు తింటే శాకాహారులకు బి12 విటమిన్ అందుతుందని చాలామంది రాస్తున్నారు. అందులో ఉండేది లేశమాత్రం, దాని మీద ఆధారపడలేము. మరోవైపు మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడినవారిలో బి12 తగ్గుతుందన్నది బాగా రుజువైన విషయం. ఆమె గుడ్డు కూడా తినరని రాశారు. అరికాళ్ల తిమ్మిర్లు, నీరసం ఉంటే అన్నీ మధుమేహం ఖాతాలో వేసేయకుండా ఒకసారి బి12 పరీక్ష చేయించండి. పొడి డబ్బా ఖరీదులో కొంత భాగంతోనే ఆ పరీక్ష పూర్తవుతుంది.

డి విటమిన్ గురించి మాత్రం నిజంగా ముచ్చటైన సంగతి ఉంది. పుట్టగొడుగుల్లోని ఎర్గోస్టెరాల్ అనే పదార్థం సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే డి2 విటమిన్‌గా మారుతుంది. చీకటి గదుల్లో పెరిగిన పుట్టగొడుగులో అది దాదాపు ఉండదు, కానీ వండే ముందు ముక్కలుగా కోసి మధ్యాహ్నపు ఎండలో అరగంట ఉంచితే గణనీయంగా పెరుగుతుంది. మన జిల్లాల్లో ఎండకు కొదవ లేదు కదా. ఇలా వచ్చే డి2, మాత్రల్లో ఉండే డి3 అంత కాలం రక్తంలో నిలవదు కనుక, లోపం తీవ్రంగా ఉన్నవారు మాత్రలే వాడాలి.

క్యాన్సర్ మాట కూడా మీ బావగారు ఎప్పుడో ఒకప్పుడు ఎత్తుతారు కనుక ముందే చెబుతున్నాను. జపాన్‌లో ఒక రకం పుట్టగొడుగు నుంచి తీసిన క్రెస్టిన్‌ను 1977లోను, షిటాకే అనే పుట్టగొడుగు నుంచి తీసిన లెంటినాన్‌ను 1985లోను క్యాన్సర్ చికిత్సకు అనుబంధంగా అనుమతించారు. అవి శుద్ధిచేసిన పదార్థాలు. లెంటినాన్‌ను సూదిమందుగా రక్తనాళంలోకి ఎక్కించేవారు. ఆ రెంటినీ కీమోథెరపీతో పాటు వాడారే తప్ప దానికి బదులుగా కాదు. ఇక్కడ అమ్మే పొడి డబ్బాకు ఆ చరిత్రను అంటగట్టడం న్యాయం కాదు.

పచ్చిగా తినకూడదు, బాగా ఉడికించాలి. బటన్ పుట్టగొడుగులోని అగారిటిన్ అనే అవాంఛనీయ పదార్థం వండితే చాలావరకు తగ్గుతుంది; కణాల గోడల్లోని కైటిన్ అనే గట్టి పదార్థం వల్ల పచ్చివి సరిగా అరగవు కూడా. మూత్రపిండాలు దెబ్బతిని పొటాషియం తగ్గించమన్నవారు, గౌట్ (యూరిక్ ఆమ్లం పేరుకొని కీళ్లు వాచే జబ్బు) ఉన్నవారు వైద్యుణ్ణి అడిగి తినాలి. హోటళ్లలో మైదాపిండిలో ముంచి నూనెలో వేయించి పుట్టగొడుగు మంచూరియా అని ఇచ్చేదాన్ని ఆరోగ్యాహారం లెక్కలో దయచేసి కలపకండి.

సమాధానం: కోవూరు పెంపకందారు

మాస్టారు చెప్పినవన్నీ సరైనవే. నేను పెంచి అమ్మేవాడిని కనుక కొనేటప్పుడు చూడవలసినవి రాస్తాను.

మన ప్రాంతపు వేడికి బటన్ పుట్టగొడుగు పెరగదు. కాపు సమయంలో దానికి 14 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి, అంటే ఏసీ గదులు తప్పవు. మాకు అనువైనది పాల పుట్టగొడుగు. 30 నుంచి 35 డిగ్రీల వేడిలోనూ చక్కగా వస్తుంది, తెల్లగా, లావుపాటి కాడతో ఉంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ముత్యపు చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగు వేస్తాం. పెన్న ఆయకట్టులో వరిగడ్డికి కరువు లేదు. ఆ గడ్డిని రెండు మూడు అంగుళాల ముక్కలుగా కత్తిరించి, నానబెట్టి, వేడినీటిలోనో ఆవిరిలోనో శుద్ధి చేసి, తడి ఆరాక సంచుల్లో పొరలు పొరలుగా విత్తనం చల్లుతూ నింపుతాం. పాల పుట్టగొడుగుకైతే విత్తనం నుంచి వచ్చే తెల్లని బూజు గడ్డి అంతటా అల్లుకున్న తర్వాత సంచి పైభాగాన శుద్ధిచేసిన మట్టిని పలచగా పరచాలి. గదిలో గాలి తేమగా ఉండాలి, కానీ సంచి మీద నీరు నిలవకూడదు. ఈ పనిలో నాకు శ్రమ కనబడింది, అప్పుడప్పుడు లాభం కనబడింది, ఆధ్యాత్మికం మాత్రం ఇంకా కనబడలేదు.

కొనేవారు మరీ మల్లెపువ్వులా మెరిసే తెలుపు కోసం వెదకకండి. రంగు కోసం కొందరు సల్ఫైటు మందు కలిపిన నీటిలో కడుగుతారు. కాస్త గోధుమరంగు మచ్చ ఉన్నంత మాత్రాన అది చెడిపోయినట్లు కాదు. చేతికి జిగురు తగిలినా, పుల్లని వాసన వచ్చినా, ప్యాకెట్ లోపల నీటి బొట్లు నిండుగా ఉన్నా వదిలేయండి. ఇంటికి తెచ్చాక ప్లాస్టిక్ కవరు తీసి కాగితపు సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు నాలుగు రోజులు నిలుస్తాయి. పుట్టగొడుగు తాను పెరిగే పదార్థం నుంచి కాడ్మియం వంటి లోహాలను కూడా పీల్చుకుంటుంది కనుక గడ్డి ఎక్కడిది, మట్టి ఎక్కడిది అని పెంపకందారును అడగడం మీ హక్కు. ఆ మాటకొస్తే దూరదేశం నుంచి వచ్చిన పొడి డబ్బా విషయంలో ఆ ప్రశ్న ఎవరిని అడగాలో నాకు తెలియదు.

ఎవరైనా కొత్తగా పెంపకం మొదలుపెట్టేవారు ఈ చర్చ చదువుతుంటే ఒక మాట. ముత్యపు చిప్ప పుట్టగొడుగు గదిలోకి మాస్కు లేకుండా వెళ్లకండి. వాటి సిద్ధబీజాలు (విత్తనాల్లాంటి సన్నని పొడి) గాలిలో పొగలా లేచి ఊపిరితిత్తుల్లో చేరితే దగ్గు, ఆయాసం పట్టుకుంటాయి.

సమాధానం: మూలాపేట సంస్కృత ఉపాధ్యాయుడు

మీ నాయనమ్మగారి మాటకు శాస్త్రాధారం ఉంది, మీ బావగారి మాటకు నాకు తెలిసిన మేరకు లేదు. అయితే ఆ ఆధారం ఎక్కడిది, ఎవరికి వర్తిస్తుంది అన్నది కొంచెం విడదీసి చూడాలి.

మనుస్మృతి ఐదవ అధ్యాయం ఐదవ శ్లోకంలో ద్విజులు (ఉపనయన సంస్కారం ఉన్న మూడు వర్ణాలవారు) తినకూడనివాటిలో వెల్లుల్లి, ఉల్లితో పాటు పుట్టగొడుగులను కూడా చేర్చి, అశుచి స్థలంలో పుట్టినవాటిని కూడా వద్దన్నారు. అదే అధ్యాయం పంతొమ్మిదవ శ్లోకంలో తెలిసి తింటే పతనమని మరింత గట్టిగా ఉంది. ఆరవ అధ్యాయంలో వానప్రస్థుడు విడిచిపెట్టవలసినవాటిలో తేనె, మాంసంతో పాటు నేల మీద మొలిచే పుట్టగొడుగుల ప్రస్తావన మళ్లీ వస్తుంది. అంటే అడవిలో తపస్సు చేసుకొనేవారికి కూడా అది నిషిద్ధమే. ఋషుల దివ్యౌషధం అన్న మాట ఈ ఒక్క ఆధారంతోనే నిలవకుండా పోతుంది.

కానీ ధర్మశాస్త్రం ఒక్కటే మన సంప్రదాయం కాదు. వైద్య గ్రంథాలు పుట్టగొడుగును ఆహారపదార్థంగానే పరిశీలించాయి. సుశ్రుతసంహిత సూత్రస్థానంలో గడ్డి మీద, చెరకు మీద, పేడ మీద, వెదురు మీద, నేల మీద మొలిచేవాటిని వేరు వేరుగా చెప్పి ఒక్కొక్కదాని రుచిని, గుణాన్ని వివరించారు. గడ్డి మీద మొలిచినది మధురమనీ, రూక్షమనీ (పొడిబార్చే గుణం కలదనీ), వాత పిత్త కఫ దోషాలను శమింపజేస్తుందనీ మెచ్చుకొని, పేడ మీదిది, వెదురు మీదిది వాతాన్ని రెచ్చగొడతాయని అన్నారు. కోవూరు వారు పెంచేది గడ్డి మీదనే కనుక సుశ్రుతుని మెప్పు ఆయన సంచులకు దక్కినట్లే. చరకసంహితలో సర్పచ్ఛత్రకం అనే రకాన్ని మినహాయించి మిగిలిన పుట్టగొడుగులు శీతలమనీ, మధురమనీ, అరగడానికి బరువనీ, పడిశానికి కారణమవుతాయనీ ఉంది. చూడండి, వీరెవరూ దానిని అమృతమని పొగడలేదు, విషమని తోసిపుచ్చలేదు. ఏ రకం, ఎక్కడ మొలిచింది, తినేవాని జీర్ణశక్తి ఎంత అని అడిగారు.

భగవద్గీత పదిహేడవ అధ్యాయంలో సాత్త్విక, రాజస, తామస ఆహారాల లక్షణాలు చెప్పారే గానీ పుట్టగొడుగు పేరు గానీ ఉల్లిపాయ పేరు గానీ అక్కడ లేదు. తామసమంటే చల్లారి జాము గడిచినది, సారం పోయినది, దుర్వాసన వచ్చేది, నిలవ ఉన్నది, ఎంగిలిది అని ఉంది. ఆ లెక్కన తాజాగా కోసి వండిన కూర కంటే, ఏడాది క్రితం డబ్బాలో మూసిన పొడికే ఆ పేరు దగ్గరగా ఉంటుందని ఎవరైనా వాదిస్తే నేను కాదనలేను. ఇది నా చమత్కారమే తప్ప వ్యాఖ్యానం కాదు. జైనులు కూడా జీవహింస దృష్టితో పుట్టగొడుగులను విడిచిపెడతారు.

మరి ధ్యానం, దీర్ఘాయుష్షు అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? చైనా నుంచి వచ్చింది. గానోడెర్మాను వారు లింగ్‌ఝీ అంటారు. వారి ప్రాచీన మూలికా గ్రంథం దానిని ఉత్తమ శ్రేణి ఔషధాల్లో చేర్చి, శరీరాన్ని తేలికపరుస్తుందనీ ఆయుష్షును పెంచుతుందనీ చెప్పింది. వారి తావో మత మార్గంలో అది అమరత్వానికి చిహ్నమై చిత్రాల్లో, శిల్పాల్లో కనబడుతుంది. అది వారి విశ్వాసం, గౌరవించదగినదే. దానిని తెచ్చి మన ఋషుల పేరు అంటించడం మాత్రం అమ్మకం కోసం చేసిన పని.

వేదకాలపు యజ్ఞాల్లో పిండి తాగిన సోమం గురించి కూడా అడుగుతారు కనుక చెబుతున్నాను. ఋగ్వేదంలోని సోమం ఎర్రటోపీ మీద తెల్లచుక్కలుండే ఒక పుట్టగొడుగని గోర్డన్ వాసన్ అనే అమెరికన్ 1968లో ప్రతిపాదించారు. ఆయన వృత్తిరీత్యా బ్యాంకు అధికారి. వేదంలో సోమలతను రాళ్లతో నూరి, ఉన్నితో వడగట్టి, పాలతో కలిపే క్రమం విస్తారంగా ఉంది. అది ఏ మొక్క అన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు, పుట్టగొడుగు వాదాన్ని వారిలో చాలామంది అంగీకరించలేదు. అందుచేత దానిని ప్రమాణంగా చూపి ఎవరూ ఏదీ అమ్మలేరు.

బుద్ధుడు చివరిసారి చుందుని ఇంట స్వీకరించిన సూకరమద్దవం అనే వంటకం పుట్టగొడుగుల కూర అని కొందరు, పందిమాంసమని కొందరు పూర్వం నుంచి వాదించుకుంటున్నారు. చందవరం బౌద్ధ స్తూపం ఉన్న ప్రకాశం జిల్లావారికి ఈ వివాదం ఆసక్తిగా ఉండవచ్చు, కానీ పుట్టగొడుగు పుణ్యవస్తువని అందులోనూ ఎవరూ అనలేదు.

సమాధానం: మార్కాపురం పలకబడి

అందరూ ఒకే పక్క మాట్లాడుతున్నారు కనుక రెండో పక్క నేను చెబుతాను. నేను ఆ పొడిని కొంతకాలంగా వాడుతున్నాను. నాకు నిద్ర బాగా పడుతోంది, ఉదయాన్నే ధ్యానానికి కూర్చుంటే మనసు నిలుస్తోంది. నేను అమ్మేవాణ్ణి కాను. అనుభవాన్ని కొట్టిపారేయడం శాస్త్రీయమా?

సమాధానం: ఒంగోలు విశ్రాంత అధ్యాపకుడు

కొట్టిపారేయనండి. మీకు నిద్ర పడుతున్నదన్న మాటను నమ్ముతాను. నా సందేహమల్లా కారణం గురించే. పొడి మొదలుపెట్టినవారు సాధారణంగా దానితో పాటు రాత్రి త్వరగా పడుకోవడం, కాఫీ తగ్గించడం, ఉదయం ఒక నియమంతో కూర్చోవడం కూడా మొదలుపెడతారు. అన్నీ ఒకేసారి మారినప్పుడు ఏది ఫలితమిచ్చిందో ఎలా తెలుస్తుంది? ఒక నెల పొడిని ఆపి మిగిలిన నియమాలను యథాతథంగా కొనసాగించి చూడండి. మీకు వేరే మందులు లేకపోతే అందులో నష్టమేమీ లేదు. జలదంకి అమ్మాయిగారి తల్లిదండ్రుల పరిస్థితి వేరు. వారికి ప్రయోగం చేసే వెసులుబాటు లేదు.

సమాధానం: దర్గామిట్ట మనస్తత్వ సలహాదారు

మీ తమ్ముడి మాట గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. అతను చెప్పిన పరిశోధనలు నిజమే. అవి మనసు తీరును మార్చే సైలోసిబిన్ అనే పదార్థం ఉన్న పుట్టగొడుగులకు సంబంధించినవి. ఆ పదార్థాన్ని 1958లో స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ వేరు చేశారు. 2006లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వారు స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన ఆరోగ్యవంతులకు దానిని ఇచ్చినప్పుడు, వారిలో ఎక్కువమంది దానిని తమ జీవితంలోని అత్యంత ఆధ్యాత్మికమైన అనుభవాల్లో ఒకటిగా చెప్పారు. మందులకు లొంగని కుంగుబాటు మీద కూడా పరీక్షలు సాగుతున్నాయి.

అయితే ఆ పరీక్షల తీరును మీ తమ్ముడు పూర్తిగా చదవాలి. ముందుగా వ్యక్తిని, కుటుంబ చరిత్రను పరిశీలించి, మనోవైకల్యం గానీ బైపోలార్ రుగ్మత (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) గానీ ఉన్న కుటుంబాలవారిని పక్కన పెడతారు. కొలిచిన మోతాదు ఇస్తారు. అనుభవం సాగినంతసేపూ శిక్షణ పొందినవారు పక్కనే కూర్చుంటారు, తర్వాత రోజుల తరబడి మాట్లాడతారు. హాస్టల్ గదిలో ఎవరో ఇచ్చిన ఎండు పుట్టగొడుగు నమలడానికీ దీనికీ పోలిక లేదు. తీవ్రమైన భయం, భ్రాంతులు కలిగి ఆస్పత్రిలో చేరవలసి రావచ్చు. మన దేశంలో సైలోసిబిన్ 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం పరిధిలోని పదార్థం కనుక దానిని కొనడం, దగ్గర ఉంచుకోవడం నేరం.

ఆధ్యాత్మికం అన్న మాట వచ్చింది కనుక ఇంకొక విషయం. మెక్సికోలోని మజతెక్ తెగవారిలో ఈ పుట్టగొడుగులకు పవిత్ర స్థానం ఉంది. మరియా సబీనా అనే వైద్యురాలు నడిపిన రాత్రి పూజలో 1955లో పాల్గొన్నది కూడా పైన చెప్పిన ఆ వాసన్‌గారే. 1957లో ఆయన పత్రికలో రాసిన తర్వాత విదేశీయులు గుంపులుగా ఆ ఊరికి వచ్చారు. ఊరివారు ఆమె మీద కోపగించారు, ఆమె ఇల్లు తగలబడింది. వాసన్‌కు ముందు దేవుణ్ణి వెదకడం కోసమే ఎవరూ వాటిని తినలేదనీ, రోగుల స్వస్థత కోసమే తీసుకునేవారమనీ, పరాయివారు వచ్చాక వాటి శక్తి పోయిందనీ ఆమె తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. ఆ సంప్రదాయంలో పుట్టి పెరిగినామె మాట ఇది. బెంగుళూరు కుర్రవాళ్లు దీనిని ఒకసారి ఆలోచించాలి.

సమాధానం: గిద్దలూరు మెట్ట రైతు

ఇక్కడ అందరూ పెంచినవాటి గురించే రాశారు. మా నల్లమల అంచు ఊళ్లలో వాన పడి ఎండ కాసిన తర్వాత పుట్టల దగ్గర మొలిచే పుట్టగొడుగులే అసలైనవని నమ్ముతాం. వాటి రుచి ముందు సంచిలో పెరిగినవి నిలవవు. (కోవూరు వారు ఏమీ అనుకోకూడదు.) పుట్టలోని చెదపురుగులు ఆకులను, కట్టెను నమిలి, ఆ ముద్ద మీద ఒక బూజును తోటలా పెంచుకొని దానినే ఆహారంగా తీసుకుంటాయి, వానకు ఆ బూజే పొడవైన వేరులాంటి కాడతో పైకి వచ్చి గొడుగు విప్పుతుంది. చెదపురుగు లేకుండా ఇది పెరగదు, అందుకే దీనిని మనుషులు ఇంతవరకు సాగు చేయలేకపోయారు. చెంచులు, మీ నెల్లూరు వైపు యానాదులు, వీటిని చూపుతోనే పోల్చగలరు.

ఆధ్యాత్మికం మాటకొస్తే, నాగుల చవితికి మనం పాలు పోసే పుట్టా ఇదే, పుట్టగొడుగు ఇచ్చే పుట్టా ఇదే. మా ఇంట్లో పెద్దవాళ్లు పుట్టను తవ్వనివ్వరు, పైకి వచ్చినంతవరకే కోసుకోమంటారు. లోపలి తోట చెడకపోతే మరుసటి ఏడాది అదే చోట మళ్లీ మొలుస్తుంది కనుక ఆ కట్టుబాటులో ప్రయోజనం ఉంది.

కానీ తెలియనివారు అడవి పుట్టగొడుగు జోలికి వెళ్లకండి. గడ్డి నేలల్లో, ఇళ్ల దొడ్లలో వానలకు మొలిచే పెద్ద తెల్లగొడుగు ఒకటి ఉంది. ముదిరితే దాని అడుగు రేకులు ఆకుపచ్చబారుతాయి. తిన్న కొద్ది గంటల్లోనే విపరీతమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. దానికంటే భయంకరమైన జాతులు ఉన్నాయి. వాటి విషం ఉడికించినా పోదు, ఆరు గంటల నుంచి ఇరవై నాలుగు గంటల వరకు ఏమీ తెలియదు, తర్వాత వాంతులై, ఒక రోజు తగ్గినట్లు కనబడి, ఆ పైన కాలేయం పాడవుతుంది. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని పదిమందికి పైగా చనిపోయారు. వెండి చెంచా నల్లబడకపోతే మంచిదనీ, వెల్లుల్లి వేసి ఉడికిస్తే రంగు మారుతుందనీ, పురుగు తిన్నది మనిషీ తినవచ్చనీ చెప్పే పరీక్షలన్నీ తప్పు. అనుమానం వస్తే తగ్గుతుందేమోనని ఆగకుండా 108కి ఫోన్ చేసి, మిగిలిన ముక్కను కాగితంలో చుట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. తిన్న చాలాసేపటికి వాంతులు మొదలైతే ఇంకా తొందరపడాలి.

జలదంకి అమ్మాయి

ఇంత ఓపికగా రాసిన పెద్దలందరికీ కృతజ్ఞతలు. మాస్టారి మాట మీద నాన్నగారి పొడి ఆపించాను, అమ్మకు బి12 పరీక్ష చేయించబోతున్నాము. బావగారికి ఈ చర్చను చదివి వినిపిస్తే ఆయన నొచ్చుకున్నారు గానీ డబ్బాలు వెనక్కి తీసుకుంటానన్నారు. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. అమ్మ కూరగా తినడానికి సిద్ధంగానే ఉంది, కానీ కార్తీకంలో తింటే దోషమని నాయనమ్మ బాధపడుతుంది. రెండోది, అమ్మకు రక్తపోటు ఉంది కనుక ఎలా వండితే మంచిది?

మూలాపేట సంస్కృత ఉపాధ్యాయుడు

కార్తీక నియమం ఆ నెలకు కట్టుబడిన వ్రతం, అది పాటించేవారి ఇష్టం. మన జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడేది, పుట్టగొడుగులు విరివిగా మొలిచేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే కనుక ఆ కాలంలో మానడమే నిజమైన నియమం అవుతుంది. మీ అమ్మగారు కార్తీకం వెళ్లిన తర్వాత మొదలుపెడితే నాయనమ్మగారి మనసు నొప్పించినట్లు ఉండదు, ఆరోగ్యానికి లోటూ రాదు.

కోవూరు పెంపకందారు

వంట సంగతి నేను చెబుతానమ్మా. పుట్టగొడుగులో సహజంగానే గ్లుటమేట్ అనే పదార్థం వల్ల వచ్చే కమ్మదనం ఉంటుంది కనుక మామూలుగా వేసే ఉప్పు కంటే బాగా తగ్గించి వేసినా చప్పగా అనిపించదు. ముక్కలను ముందుగా నూనె లేకుండా వెడల్పాటి మూకుడులో వేసి, వాటి నీరు ఊరి ఇగిరిపోయే వరకు వేయించి, తర్వాతనే ఒక చెంచా నూనెలో పోపు పెట్టి కలపండి. మొదటే నూనె పోస్తే అదంతా పీల్చుకుంటుంది. చేపల పులుసుకు వేసినట్లే పచ్చి మామిడికాయ ముక్కలు వేస్తే మా ఇంట్లో ఇష్టంగా తింటారు. కార్తీకం దాటాక అంటున్నారు కనుక అప్పటికి పాల పుట్టగొడుగు తగ్గి ముత్యపు చిప్ప పుట్టగొడుగు వస్తుంది. తొలిసారి తింటున్నారు కనుక మొదటి రోజు ఒక గుప్పెడు మాత్రమే పెట్టి, దురదలు గానీ కడుపులో ఇబ్బంది గానీ లేవని చూసుకొని తర్వాత పెంచండి.